ఆరో ఇంటి ఖర్జూరాలు

1992 అక్టోబరు ఆరు, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. నీడలో ఇరవై తొమ్మిది డిగ్రీలు. గాలి లేదు, కొండల మీద మబ్బు లేదు. సుదైరాలో నేను అడగవలసిన ఆరు ఇళ్ళలో అయిదు ముందు రోజే పూర్తయ్యాయి. ఆరోది మా మేనత్త ఘనియ్యా ఇల్లు.

ఆ సర్వే ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. మస్కట్‌లోని మా గణాంకాల కార్యాలయం ఏటా దేశంలో పండిన ఖర్జూరానికి దిగుమతిని కలిపి, ఎగుమతిని తీసివేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగించేది. మనిషికి వచ్చే ఆ వాటా పదేళ్ళుగా తగ్గుతోంది. చెట్లు తగ్గి కాదు, జనం పెరిగి. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ కొన్ని లోపలి ఊళ్ళలో చెట్లే ఎండిపోతున్నాయనీ, దేశపు సగటులో ఆ సంగతి కనబడకుండా పోతోందనీ తెలిశాక, ఇంటింటికీ వెళ్ళి అడిగి రమ్మని మమ్మల్ని పంపారు. మనిషికి ఏడాదికి నలభై కిలోల కన్నా తక్కువ తింటున్న ఊళ్ళకు, తోటలకు నీళ్ళు తెచ్చే ఫలజ్ కాలువలు బాగుచేసి ఇస్తారు. నలభై దాటిన ఊళ్ళకు ఇవ్వరు.

సుదైరా ఫలజ్ మూడేళ్ళుగా సన్నబడుతోంది. ఎగువన పశువుల గడ్డి పెంచే పెద్ద తోటలో ఆరు బోర్లు వేశారు. కొండ కింద నుంచి నీళ్ళు తెచ్చే సొరంగం ఇప్పుడు నీటిమట్టానికి పైన ఉండిపోయింది. దాన్ని ఇంకా లోతుకు తవ్వడం ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. కనుక ఆ ఊరి తోటలు బతకడం, బతకకపోవడం నా చేతిలోని కాగితాల సగటు మీద ఆధారపడి ఉంది. అది నాకూ తెలుసు, ఊరివాళ్ళకూ తెలుసు.

సందు మలుపులో ఖల్ఫాన్ నిలబడి ఉన్నాడు. ఊళ్ళో ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసేది అతనే.

"అయిదిళ్ళకీ ఎంత వచ్చిందమ్మా?"

"చెప్పకూడదు."

"చెప్పొద్దులే. నీ మొహం చూస్తే లెక్క నలభై అంచు మీదున్నట్టుంది." దగ్గరకొచ్చి అన్నాడు: "మీ అత్త కొట్లో మూడు సంచులున్నాయి. ఆరుగురు మనుషులు. నేనే మోశాను. పోయినేడు తొమ్మిది మోసి నెల్లాళ్ళు నడుం పట్టుకుని తిరిగాను. ఈ ఏడు నడుం బాగానే ఉంది. ఇక లెక్క నువ్వే కట్టుకో."

సంచికి నలభై కిలోలు. మూడు సంచులు ఆరుగురికి పంచితే మనిషికి ఇరవై.

అత్త ఇంటి ముందరి గది ఊరికంతటికీ చావడి. కొత్తగా వచ్చినవాడు ముందు అక్కడ కూర్చుని తిని, తర్వాత పని చూసుకుంటాడు. నన్నూ అక్కడే కూర్చోబెట్టింది. కాఫీ, పళ్ళెం నిండా ఖలాస్ రకం ఖర్జూరాలు వచ్చాయి.

"నల్లబడిపోయావేమే. మీ ఆఫీసువాళ్ళు గొడుగివ్వరా, కాయితాలే ఇస్తారా?"

"కాయితాలే అత్తా."

"తిను. మూడు తిని ఆపితే పిచ్చుక వచ్చిందనుకుంటారు. మీ నాన్న ఒక్కసారి కూర్చుంటే పదకొండు తినేవాడు."

ఏడు తిన్నాను.

ఇక్కడ ఒక విషయం రాయాలి. ప్రశ్నల పట్టీని బయటి దేశపు నిపుణుడొకరు తయారుచేశారు. ఇల్లు, మనుషులు, పశువులు అయ్యాక తిండి గురించి చివర అడగమన్నారు, అప్పటికి జంకు పోతుందని. మా దేశంలో అప్పటికి కాఫీ, ఖర్జూరం అయిపోతాయి. ఇప్పుడే పెట్టిన చేత్తో మా ఇంట్లో తక్కువ అని ఏ ఇల్లాలూ చెప్పదు. అయిదిళ్ళలోనూ అంకెలు కొంచెం కొంచెం పెరిగాయని నాకు ముందు రోజే తెలిసింది. గుమ్మంలో నిలబడే అడిగి ఉంటే వేరుగా వచ్చేవి. కాని గుమ్మంలో నిలబెట్టే ఇల్లు లేదు.

"ఈ ఏడు ఎన్ని సంచులు, అత్తా?"

"తొమ్మిది."

"ఖల్ఫాన్ మూడంటున్నాడు."

"వాణ్ణి నీళ్ళు చూడమన్నారు, నా కొట్టు చూడమనలేదు."

"ఇంటి పేరు పైకి పోదు. అంకె ఒక్కటే పోతుంది. ఎవరూ చదవరు."

"ఎవరూ చదవకపోతే తొమ్మిదైతే నీకేం నొప్పి?"

"నలభై దాటితే కాలువ రాదు అత్తా. నీ చెట్లే ముందు పోతాయి, నీవి కాలువ చివర ఉన్నాయి."

"పోతే పోతాయి. చెట్టు పోతే చెట్టు పోయిందంటారు. ఈ చావడిలో తినిపోయినవాళ్ళు, అయ్యో, ఆవిడకి లేకుండా మనకి పెట్టిందే అనుకుంటే ఆ తిన్నది వాళ్ళ ఒంటికి పడుతుందా?"

"ఒక్కసారి తూచనివ్వు."

ఆమె నవ్వింది. "తిన్నావు, చేతులు కడుక్కున్నావు, ఇప్పుడు కొట్టు తూస్తానంటున్నావు. పరాయివాడైనా అనడే ఆ మాట." నడుముకున్న తాళంచెవి తీసి పళ్ళెం పక్కన పెట్టింది. "ఇదిగో. నీ ఇష్టం."

వేలాడదీసే త్రాసు నా సంచిలోనే ఉంది. తాళంచెవిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ ఉదయం నేను సమయం రాసుకోని ఘడియ అదొక్కటే. కోపం రాలేదు, జాలీ కలగలేదు. ఇంటివాళ్ళు చెప్పిన జవాబునే రాయాలన్నది నియమం. సందేహం ఉంటే రాయడానికి అడుగున నాలుగు గీతల చోటు ఉంది. తొమ్మిది అని రాశాను. నాలుగు గీతలనూ ఖాళీగా వదిలాను.

అయిదిళ్ళకు మనిషికి నలభై ఒకటి, నలభై, నలభై అయిదు, ముప్పై ఏడు, ముప్పై అయిదు కిలోలు. అత్త ఇంటికి అరవై. ఆరిళ్ళ సగటు నలభై మూడు. ఆ ఒక్క చోట ఇరవై రాసి ఉంటే ముప్పై ఆరు వచ్చేది.

ఫిబ్రవరిలో జాబితా వెలువడింది. అందులో సుదైరా లేదు. ఆ వారమే ఖల్ఫాన్ కార్యాలయానికి ఫోన్ చేశాడు.

"ఆ తొమ్మిది నువ్వు రాసిందేనా?"

"అత్త చెప్పింది. నేను రాశాను."

"సరే. నిన్ననడానికి లేదులే. నన్నడిగినా మా ఇంట్లో ఎనిమిదనే చెప్పేవాణ్ణి. మాకూ మూడే." మా అమ్మ ఆరోగ్యం అడిగి ఫోన్ పెట్టేశాడు.

1995 వేసవిలో కాలువ చివరి మడులకు నీళ్ళు అందలేదు. మరుసటి ఏడు మొత్తం ఆగిపోయింది. అత్త చెట్లలో పదిహేడు నిలువునా ఎండాయి. మిగిలినవీ బతకవని నరికించి వంటచెరకుగా పంచింది. చావడి మూయలేదు. బజారు నుంచి పెట్టెల్లో వచ్చే ఖర్జూరం తెప్పించి పెట్టేది. వెళ్ళినప్పుడల్లా నాకూ పెట్టింది; తిన్నాను. ఆ అంకె మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాకు పైస్థాయి ఉద్యోగం వచ్చింది. తిండి ప్రశ్నలను పట్టీ మొదటికి మార్పించాను. దానివల్ల అంకెలు పెద్దగా మారలేదు.

2003 జనాభా లెక్కల నాటికి సుదైరాలో నాలుగిళ్ళలోనే మనుషులున్నారు. అంత తక్కువ ఉన్నచోట విడిగా లెక్క చూపే పద్ధతి లేదు కనుక, దాన్ని కింది ఊరిలో కలిపేశారు.