బోల్టు మీద ఎర్ర గీత

"బ్రేక్ పడ్తలేదు మామయ్యా!"

శ్రీకాంత్ అరుపు హెల్మెట్ దాటి యాదయ్య చెవిలో పడేసరికి స్కూటర్ సగం దిగుడు దిగిపోయింది. కింద సిగ్నల్ ఎర్రగా ఉంది. రోడ్డుకు అడ్డంగా ఒక చెత్తలారీ తాపీగా మలుపు తిరుగుతోంది.

"వెనక బ్రేక్ గుంజు! రెండూ గుంజు!"

"గుంజిన! ఈ దిగుడుల వెనకదొక్కటే సరిపోతలేదు!"

ముందు చక్రం దగ్గర ఇనుము ఇనుముకు కొట్టుకుంటున్న చప్పుడు. అమెరికాలో కూతురి దగ్గరికి రాకముందు యాదయ్య కరీంనగర్ ఆర్టీసీ డిపోలో ముప్ఫై నాలుగేళ్లు మెకానిక్‌గా చేశాడు. ఏదో ఊడిందని ఆ చప్పుడే చెప్పింది. ఏది ఊడిందో చూసే వ్యవధి లేదు. వెనక సీటు మీద కూర్చునే రెండు కాళ్లూ రోడ్డుకు ఆనించి బలంగా తొక్కిపట్టాడు. బూట్ల అడుగులు కాలిన వాసన గుప్పుమంది.

"కుడిదిక్కు తిప్పు! చెట్లల్లకు పోనియ్యి!"

శ్రీకాంత్ తిప్పాడు. ఫుట్‌పాత్ అంచు తగిలి స్కూటర్ ఎగిరింది. అపార్ట్‌మెంట్ల ముందు నడుమెత్తున కత్తిరించి ఉన్న పొదల్లో ఇద్దరూ పడ్డారు. లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

యాదయ్యకు అరచేతులు గీసుకుపోయాయి, అంతే. శ్రీకాంత్ మాత్రం ఎడమ భుజం పట్టుకుని లేవలేకపోయాడు.

ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి కాలర్ బోన్ విరిగిందన్నారు. రజిని ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. మొగుడి భుజం చూసింది, తండ్రి చేతులకున్న కట్లు చూసింది.

"ఎట్లయింది బాపూ?"

శ్రీకాంత్ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. అంతలోనే యాదయ్య అనేశాడు.

"నా చెయ్యే తప్పింది బిడ్డా. బండి బిగించింది నేనే గద."

శ్రీకాంత్ తెరిచిన నోరు మూసుకున్నాడు.

అసలు ఆ బండి కొనడమే యాదయ్యకు ఇష్టం లేదు. పెట్రోలు గ్యాలన్‌కు నాలుగు డాలర్లు దాటిన వేసవి అది. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలు స్టేషన్ దగ్గర కార్ల పార్కింగ్ పొద్దున్నే నిండిపోతోంది. స్కూటరైతే ఏ మూలైనా పెట్టి, రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆఫీసుకు పోవచ్చనుకున్నాడు శ్రీకాంత్. మామను వెంటబెట్టుకుని షాపుకు వెళ్లాడు. అక్కడ తైవాన్‌లో తయారైన బండి ఒకటి యాదయ్యకు నచ్చింది. కిందికి వంగి వెల్డింగు అతుకులు వేలితో తడిమాడు. బ్రేక్ లీవర్లు నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు.

"ఇది తీస్కో శ్రీకాంతూ. ఊరి నడుమ తిరిగే బండి సిగ్నల్ సిగ్నల్‌కు ఆగాలె. ఇంజిన్ ఎట్లున్నా నడుస్తది, బ్రేక్ మంచిగుండాలె. వీళ్లే బిగించి, నడిపి చూసి ఇస్తరు. రేపు స్పేర్ గావాలన్నా వీళ్ల దగ్గరనే దొరుకుతది."

"చూద్దాం మామయ్యా."

రెండు వారాల తర్వాత గుమ్మం ముందు పెద్ద పెట్టె దిగింది. ఇంటర్నెట్‌లో సగం ధరకు దొరికిన వేరే బండి, ముక్కలు ముక్కలుగా. "బిగించనీకి మీరున్నరు గదా!" అని నవ్వాడు శ్రీకాంత్.

అల్లుడు కొన్నాక కాదనడం యాదయ్య వల్ల కాలేదు. నిజం చెప్పాలంటే, నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్న చేతికి స్పానర్ అందితే ప్రాణం లేచివచ్చింది కూడా. రెండు రోజులు గరాజ్‌లో కూర్చుని బిగించాడు. బోల్టులు మెత్తగా, మైనంలా అనిపించాయి. అయినా జాగ్రత్తగా బిగించాడు.

జాగ్రత్తగానే బిగించాడా?

ఆ ప్రశ్నే ఇప్పుడు అతణ్ని తినేస్తోంది. కిందటి నెల స్టవ్ ఆర్పడం మరిచిపోయాడు. వాకింగ్‌కు పోయి ఒకసారి వీధి తప్పాడు. ప్రమాదం జరిగిన మూడో రోజు రజిని పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, చాలా మెల్లగా చెప్పింది.

"బాపూ, వచ్చే నెల నుంచి పాపను నీ దగ్గర ఉంచుదామనుకున్నం గదా... డే కేర్‌ల పేరు రాయించిన. కొన్ని రోజులే. నువ్వు కూడా ఒకసారి డాక్టర్‌కు చూపించుకుందువు. మెమరీ టెస్ట్ ఉంటదట."

"మంచిదే బిడ్డా" అన్నాడు యాదయ్య.

రెండేళ్ల మనవరాలు అతని బొటనవేలికున్న కట్టు పీకుతూ నవ్వుతోంది. ఈ పిల్ల కోసమే వీసా పొడిగించుకున్నాడు. ఇప్పుడు ఈ పిల్లను తన చేతుల్లో పెట్టడానికి కూతురు భయపడుతోంది. భయపడటంలో తప్పేముంది? తన మీద తనకే భయంగా ఉంది.

నాలుగో రోజు పాడైన బండ్లు లాక్కొచ్చే టోయింగ్ వాళ్లు స్కూటర్‌ను గరాజ్‌లో దింపిపోయారు. బండి లోపమేమో అడగడానికి అమ్మినవాళ్లకు ఫోటోలు పంపాలని పక్కింటి కృష్ణమోహన్ కెమెరా తెచ్చాడు. అతనిదీ స్కూటరే, ఆ తైవాన్ రకం. అయిదేళ్లుగా నడుపుతున్నాడు.

"అంకుల్, మీ బండి ఫోటోలకు మంచి పోజిచ్చింది" అన్నాడు, నేల మీద పక్కకు ఒరిగిన బండిని చూసి. యాదయ్య నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "ఏదో అయిపోయింది. మనసులో పెట్టుకోకండి."

యాదయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. టార్చి వేసి వెనక చక్రం నట్టు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు.

"ఆ ఎర్ర గీతలేంటంకుల్?"

"డిపోల అలవాటు. నట్టు బిగించినంక దాని మీదికెల్లి పక్క ఇనుము మీదికి ఒక గీత గీస్తం. నట్టు జర తిరిగినా గీత తెగుతది, దూరంకెల్లే కనబడ్తది. అక్కడ పెయింట్. ఇక్కడ రజిని నెయిల్ పాలిష్."

వెనక చక్రం, గీత ఉంది. హ్యాండిల్, ఉంది. ఇంజిన్ బోల్టులు నాలుగు, నాలుగింటికీ ఉంది. ఎక్కడా తెగలేదు.

ముందు చక్రం దగ్గరికొచ్చాడు. బ్రేక్‌ను పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి లేదు. రెండోది సగం ఊడి వేలాడుతోంది. దాని తల మీద ఎర్ర రంగు గీకేసి ఉంది, మూలలు అరిగి ఉన్నాయి. తన స్పానర్ అట్లా జారదు. ఊడిన బోల్టు రంధ్రంలోకి టార్చి వేశాడు. మరలు చితికిపోయి ఉన్నాయి. మధ్యలో తెల్లగా ఎండి, గట్టిపడిన జిగురు.

యాదయ్య దాన్ని గోటితో గీకి చూశాడు.

"కృష్ణమోహనూ, నేను జిగురు పెట్టలే."

"అంటే?"

"నా తర్వాత ఎవరో ఇప్పిండ్రు. గట్టిగ బిగించబోతే మెత్తటి బోల్టు, మర జారింది. జిగురుతోటి అతికించిండ్రు."

"ఎవరంకుల్?"

యాదయ్య కళ్లు షెల్ఫ్ మీదికి పోయాయి. మూత పెట్టని సూపర్ గ్లూ ట్యూబు అక్కడ ఉంది. దాని పక్కన శ్రీకాంత్ బుక్ షెల్ఫ్ బిగించడానికి వాడే చిన్న స్పానర్. కృష్ణమోహన్ కూడా అటే చూశాడు.

"రజినికి చెప్పండి" అన్నాడు కృష్ణమోహన్.

"అల్లుని పేరు నా నోట్లకెల్లి ఎట్లొస్తది? ఫోటో తియ్యి."

లోపల రజిని అమ్మిన కంపెనీతో స్పీకర్‌లో మాట్లాడుతోంది. శ్రీకాంత్ చెయ్యి మెడకు కట్టుకుని సోఫాలో ఉన్నాడు. యాదయ్య వెళ్లి కూతురి ఎదురుగా నిలబడ్డాడు. పేరు చెప్పడు. కానీ పాప కోసం నోరు విప్పక తప్పదు.

"రజినీ, నా గీతలన్నీ ఉన్నయి. ముందు బ్రేక్ దగ్గర ఒక్కతానే లేవు. అక్కడ నేను బిగించింది ఎవరో ఇప్పిండ్రు. నా చెయ్యి తప్పలే బిడ్డా. నాకు అంతా యాదికున్నది."

"మరెవరు ఇప్పిండ్రు బాపూ?"

యాదయ్య కళ్లు దించుకున్నాడు.

ఫోన్‌లో ఆడమనిషి గొంతు ఇంగ్లీషులో అడుగుతోంది. చివరిసారి బ్రేక్ మీద పనిచేసిన వ్యక్తి పేరు ఏమిటి? రజిని ఫోన్ వైపూ, తండ్రి వైపూ చూసింది. "మై ఫాదర్," అంది. "హిస్ నేమ్ ఈజ్..."

"ఆగు" అన్నాడు శ్రీకాంత్.

లేవబోయి నొప్పికి మొహం చిట్లించి, మళ్లీ లేచాడు.

"బ్రేక్ కీచుమంటుంటే స్టేషన్‌ల అందరూ తిరిగి చూస్తుండ్రి. మామయ్యను అడిగితే, నేను అప్పుడే చెప్పిన గదా అంటడని... యూట్యూబ్ చూసి ఊడదీసిన. మర జారింది. గ్లూ పెట్టిన. వారం రోజులు మంచిగనే ఆగింది. ఇక ఏం కాదనుకున్న. ఆస్పత్రిల చెబ్దామంటే ఆయన ముందే మీదేసుకున్నడు. తర్వాత నాకు ధైర్యం రాలే."

"నాలుగు రోజులు శ్రీకాంత్!" అంది రజిని. "నేను బాపును మెమరీ టెస్ట్‌కు..."

"తెలుసు."

అతను యాదయ్యను చూశాడు. యాదయ్య మొహంలో కోపం లేదు. బస్సు కింద నుంచి పని ముగించుకుని బయటికొచ్చిన మనిషి అలసట మాత్రమే ఉంది.

"హలో? నేమ్ ప్లీజ్?" అంది ఫోన్.

శ్రీకాంత్ బాగున్న చేత్తో ఫోన్ అందుకున్నాడు.

"శ్రీకాంత్," అన్నాడు. "ఇట్ వాజ్ మీ. శ్రీకాంత్."