ఆదినారాయణ తీర్పు చెప్పని తగువు

వెల్దుర్తి మండలంలో మొగుడూ పెళ్ళాం గొడవపడ్డారంటే పోలీస్ స్టేషన్‌కంటే ముందు ఆదినారాయణ ఇంటికి కబురు వెళ్ళేది. ముప్పై ఏళ్ళుగా అంతే. మిరప చేలో ఉన్నా, అన్నం ముందు కూర్చున్నా లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. అటు నలుగురు, ఇటు నలుగురు పెద్దమనుషులు కూర్చోవాలి. తప్పు ఎవరిదో తేలాలి. తేలినవాడు లేచి నిలబడి పదిమందిలో ఒప్పుకోవాలి. గొడవపడ్డ ఇద్దరికీ అక్కడ పెద్దగా పని ఉండదు, మాట్లాడేదంతా పెద్దలే. ఆడపిల్లయితే గడప లోపల నిలబడి వింటుంది.

అలాంటి మనిషి కూతురు మూడు నెలలుగా పుట్టింట్లో ఉంది. ఎందుకొచ్చిందో చెప్పదు. ప్రత్యూషను నరసరావుపేటలో పురుగుమందుల కొట్టు నడిపే మధుబాబుకిచ్చి నాలుగేళ్ళయింది. అల్లుడు ఫోను చెయ్యడు, ఈమె చెయ్యదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే మిగిలేది కోర్టు కాగితాలేనని ఆయనకు తెలుసు. అలాంటివి ఎన్ని చూడలేదు? ఊరందరి తగువులూ తీర్చినవాణ్ణి సొంత ఇంటి తగువు ముట్టుకోనివ్వకపోతే ఎలా ఉంటుంది? ఆయనకు అన్నం సహించడం లేదు.

ఒక బుధవారం ప్రత్యూషే నోరు విప్పింది.

“నాన్నా, రేపు పదకొండింటికి నాకూ మధుకీ కౌన్సెలింగ్ ఉంది. ఫోన్లోనే, వీడియోలో. గుంటూరు మేడం చేస్తారు. ఆయన నరసరావుపేట నుంచి, నేను ఇక్కణ్ణుంచి.”

“ఆమె ఎవరి తరఫు?”

“ఎవరి తరఫూ కాదు.”

ఎవరి తరఫూ కాని మనిషి ఉంటుందంటే ఆదినారాయణ నమ్మలేదు. అయినా లోపల సంతోషించాడు. మొత్తానికి కూర్చోబోతున్నారు, అది చాలు. ఇక మనవైపు మనుషులు పల్చగా కనపడకూడదు. సాయంత్రమే వెళ్ళి ట్రాక్టర్ల మెకానిక్ ఇమాం సాహెబ్‌కీ, రిటైరైన ఏసోబు మాస్టారికీ చెప్పి వచ్చాడు. ఎన్నో పంచాయితీల్లో ఆ ఇద్దరూ ఆయనకు కుడిఎడమలు.

గురువారం పదకొండు కొట్టేసరికి ముందుగదిలో మూడు కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఎదురుగా స్టూలు మీద, నీళ్ళ చెంబుకు ఆనించి ప్రత్యూష ఫోను. ఆమె వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది గానీ అప్పటికే కాల్ కలిసింది. గుంటూరులో ఉన్న నౌషీన్ మేడంకి మొదట కనపడింది మూడు తెల్లచొక్కాలు. ఆ వెనక ఎక్కడో అమ్మాయి.

“నమస్కారం మేడం,” అన్నాడు ఆదినారాయణ గొంతు సవరించుకుని. “మా వైపునుంచి మేం ముగ్గురం. అబ్బాయి వైపు ఎవరూ రాలేదా? ఒక్కడే కూర్చున్నాడే?”

నౌషీన్ నవ్వలేదు. నవ్వు ఆపుకుందేమో, అది మనకు తెలియదు.

“నమస్తే అండీ. ప్రత్యూషా, మీకెలా ఉంది ఇవాళ?”

“బాగానే ఉందండీ, మూడు నెలల్నుంచి మా దగ్గరే...” ఆదినారాయణ అందుకున్నాడు.

“నేను ప్రత్యూషని అడిగాను.”

“అదే, మా అమ్మాయి తరఫున నేను చెప్తన్నా.”

మూడుసార్లు ఇలాగే జరిగింది. నాలుగోసారి నౌషీన్ మెల్లగా అంది. “ఆదినారాయణ గారూ, ఇక్కడ తీర్పు ఉండదు. గెలిచేవాళ్ళు, ఓడేవాళ్ళు ఉండరు. వాళ్ళిద్దరే మాట్లాడాలి. మీరు ముగ్గురూ కాసేపు బయట కూర్చుంటారా?”

ముప్పై ఏళ్ళలో పంచాయితీలోంచి ఆయన్ను లేవమన్నవాళ్ళు లేరు. ముగ్గురూ వరండాలోకి వచ్చారు. ఇమాం సాహెబ్ చెప్పులు తొడుక్కున్నాడు.

“పద ఆదన్నా, టీ తాగొద్దాం. పిల్లల మాటలు మనం వినగూడదు.”

“మీరు పోండి, నేనొస్తా.”

వాళ్ళు వెళ్ళారు. ఆయన కిటికీ కింద బల్ల మీద కూర్చున్నాడు. వినాలని కాదని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, చెవులు మాత్రం లోపలే ఉన్నాయి. మధుబాబు గొంతు స్పష్టంగానే వినపడింది.

“రెండేళ్ళ కిందట కోపంలో కంచం విసిరేశా మేడం. తప్పే. ఆ పూటే సారీ చెప్పుకున్నా. రెండోనాడు పొద్దున్నే రెండు కార్లలో పదిమంది దిగారు. మా అమ్మ ముందు, కొట్లో పనోళ్ళ ముందు నన్ను నిలబెట్టి ఒప్పించారు. అప్పట్నుంచి ఇంట్లో నోరు తెరవాలంటే భయం. నేనేమన్నా ఆ మాట వెల్దుర్తికి పోద్ది. అందుకని మాట్లాడటమే మానేశా.”

ఆదినారాయణకు ఆ రోజు బాగా గుర్తుంది. నలభై నిమిషాల్లో తేల్చేశాడు. తన పంచాయితీలన్నిట్లో అదే మేలైందని, అల్లుడైనా సరే లెక్కచెయ్యలేదని తర్వాత ఎంతమందికో చెప్పుకున్నాడు.

ఇప్పుడు ప్రత్యూష మాట్లాడుతోంది. “నేను పంచాయితీ పెట్టమనలా మేడం. ఏడుపొచ్చి అమ్మకి ఫోన్ చేశా, అంతే. నాన్న నన్నొక్క ముక్క అడగలా. నీకేం కావాలమ్మా అనన్నా అడగలా. ఇంక మా నాన్నకి నేనేం చెప్పినా, ఇంకొకళ్ళని నిలబెడతాడని భయం.”

ఆయనకు లేవబుద్ధి కాలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కూతురు మూడు నెలలు నోరు కుట్టుకుని తిరిగింది మొగుడి మీద కోపంతో కాదు, తండ్రికి భయపడి. కూతురికి తనంటే భయం. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా ఆయనకు మింగుడుపడలేదు.

పన్నెండింటికి ప్రత్యూష బయటికొచ్చి, కిటికీ కింద ఆయన్ను చూసి ఆగిపోయింది.

“విన్నావా?”

“విన్నా.”

ఆమె లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత గురువారాలు పదిన్నరకే చేలోకి వెళ్ళిపోయేవాడు. పనేమీ లేకపోయినా ఒంటిగంటదాకా ఇంటిముఖం చూసేవాడు కాదు. భార్య వీరరాఘవమ్మ మాత్రం ఉండబట్టలేకపోయింది.

“ఏం తేలిందో అడగరాదూ?”

“మనం అడగొద్దు. ఏమే, నువ్వు కూడా అడగబాక.”

ఆమె మొగుణ్ణి ఎగాదిగా చూసింది. ఈ మనిషికి ఒంట్లో బాగుందా అన్నట్టు చూసింది.

ఐదో గురువారం గడిచాక ప్రత్యూష బట్టలు సర్దుకుంది. “నరసరావుపేట పోతన్నా. మధు బస్టాండుకొస్తానన్నాడు. గురువారాలు ఇంకా ఉన్నాయిలే, ఇద్దరం ఒకచోటే కూర్చుని మాట్లాడతాం,” అంది. ఎందుకు పోతున్నావు, అతనేమన్నాడు, ఏం ఒప్పుకున్నాడు అన్న ప్రశ్నలు ఆదినారాయణ నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ అడక్కుండా బ్యాగు తీసుకుని, ఆమెను బండెక్కించుకున్నాడు.

మాచర్ల బస్టాండులో నరసరావుపేట బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పదిమందిలో తడుముకోకుండా మాట్లాడే మనిషికి ఒక్క కూతురి ముందు మాట పెగలడానికి చాలాసేపు పట్టింది.

“ఆ రోజు నిన్నొక్క మాట అడగాల్సిందమ్మా. అడగలా. తప్పు నాది.”

ప్రత్యూష తల తిప్పి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

“నాన్నా, ఒకటి చెప్తా. నువ్వేం చెయ్యొద్దు. ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు. విను, అంతే.”

“చెప్పమ్మా.”

ఆమె చెప్పింది. పెళ్ళయిన మొదటి ఏడాది నుంచీ చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆయన చేతులు బిగుసుకున్నాయి, ఒకసారి నోరు తెరిచి మళ్ళీ మూశాడు. ఏం చెప్పిందో ఆయన ఇంటికెళ్ళి వీరరాఘవమ్మకు కూడా చెప్పలేదు కాబట్టి మనకు తెలిసే దారి లేదు.

ఇంతలో నరసరావుపేట బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేకేశాడు. ఆదినారాయణ గబుక్కున లేచి బ్యాగు అందుకున్నాడు. ప్రత్యూష లేవలేదు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

“ఇంకో బస్సు ఉంటదిలే నాన్నా. నేనింకా చెప్పటం అవలా. కూర్చో.”