కనకం పేరున్న కుందులు

వెండి ధర పెరిగిన ప్రతి ఉదయమూ సౌభాగ్య ఊహల్లో కట్టుకుంటున్న ఇంటికి ఏదో ఒకటి కలిసేది. మొదట రెండు గదులు చాలనుకుంది. దసరా వెళ్ళేసరికి పూజగది వచ్చింది. దీపావళికి మేడమీద గది లేచింది. నిన్న ఫోన్లో రేటు చూసిన సంబరంలో వసారాలో ఉయ్యాలబల్ల కూడా వేలాడదీసేసింది. కాలు నేలమీద నిలిస్తే ఒట్టు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం," అన్నాడు భర్త శంకరరావు.

రైలింజన్లు నడిపి నడిపి ఆయన వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఆ తర్వాత బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఊళ్ళోనే లింగియాడీహ్‌లో ఒక స్థలానికి బయానా ఇచ్చారు గానీ, ఆయన నమ్ముకున్న బ్యాంకు డిపాజిట్లన్నీ ఊడ్చినా ధర అందడం లేదు. శనివారంలోగా మిగతాది కట్టకపోతే స్థలం వేరేవాళ్ళకి పోతుంది.

"మీ డిపాజిట్టు కొత్తిమీర కట్టండీ. ఫ్రిజ్‌లో ఎంత భద్రంగా దాచినా వాడిపోద్ది. నా వెండి చూడండి, బీరువాలో కూకునే పెరిగిపోతంది," అంది సౌభాగ్య.

పెరిగిన మాట నిజమే. అమ్మడమే తంటా. ఆ వెండిలో ఆమె కొన్నది తక్కువ, కానుకగా వచ్చింది ఎక్కువ. కాలనీ తెలుగువాళ్ళలో ఎవరింట పెళ్ళయినా బారసాలయినా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పాసు మీద విజయనగరం వెళ్ళినప్పుడు ఒక వెండి వస్తువు కొని, దానిమీద తమ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి తెచ్చి ఇస్తారు. పేరున్నంత కాలం ఆ వస్తువు సగం ఇచ్చినవాళ్ళదే. పేరంటానికొచ్చిన ప్రతివాళ్ళ కళ్ళూ ముందు తామిచ్చిన గిన్నెనే వెతుక్కుంటాయి.

సౌభాగ్య బీరువాలో అన్నిటికంటే బరువైనవి దీపపు కుందుల జత. వాటి మీద కనకం పేరుంది. కనకం పక్క క్వార్టర్ మనిషి. మధ్య గోడ ఉందన్న మాటే గానీ, ఆ గోడ దాటని కూర లేదు, కబురు లేదు. కుందులు అమ్మకపోతే స్థలం దక్కదు. అమ్మినట్టు తెలిస్తే కనకం దక్కదు. సౌభాగ్యకి దిగులేసింది.

శుక్రవారం వెండి గడప దాటించకూడదు కాబట్టి, గురువారం మధ్యాహ్నం కనకం కునుకు తీసే వేళ చూసి బయల్దేరింది. సంచిలో అడుగున వెండి, పైన కాకరకాయలు. కాలనీవాళ్ళంతా వెళ్ళే సదర్ బజార్ వైపు పోకుండా, ఆటో ఎక్కి అర్పా నది దాటి, సర్కండాలో ముక్కూమొహం తెలియని దుకాణం వెతుక్కుంది. దారంతా ఆమెకి నవ్వొస్తూనే ఉంది. ఈ వయసులో దొంగతనం, అదీ తన సొమ్మే.

దుకాణంలో బల్లముందు ఒకావిడ నడుంమీద చెయ్యేసి నిలబడి ఉంది. అలా నిలబడే మనిషి బిలాస్‌పూర్ మొత్తానికి ఒక్కతే, కనకం. తూకం మీద చెంబు ఉంది. చెంబు మెడచుట్టూ చుక్కలు చుక్కలుగా సౌభాగ్య పేరుంది.

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోయారు. ముందుగా సౌభాగ్యకి వచ్చింది కోపం. కనకం కూతురి పెళ్ళికని, రెండు పండగలకి చీర మానుకుని కొన్న చెంబది.

"నానిచ్చింది అమ్మీస్తావేటి వదినా?" అనేసింది.

కనకం చూపు సంచిమీద పడింది. కాకరకాయల మధ్యనుంచి ఒక కుంది తల బయటపెట్టి ఉంది.

"అచ్ఛా," అంది కనకం. "మరి నువ్వు ఏరు దాటొచ్చింది కాకరకాయలకేటి?"

సౌభాగ్య పెదవులు బిగబట్టింది గానీ లాభం లేకపోయింది. ముందు ముక్కులోంచి వచ్చింది నవ్వు, తర్వాత కడుపులోంచి. కనకం బల్ల పట్టుకుని కూలబడి నవ్వింది. తామూ ఒక జాగా చూసుకున్నామని, చెంబు సంగతి తెలిస్తే సౌభాగ్య మనసు కష్టపెట్టుకుంటుందని చెప్పలేదని, కళ్ళు తుడుచుకుంటూ చెప్పుకొచ్చింది. తెలుగు తెలియని దుకాణదారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కరిగించెయ్యనా అని హిందీలో అడిగాడు. ఇద్దరూ ఒక్కసారే తలూపారు.

స్థలానికి సరిపోయింది. తిరుగు ఆటోలో కాకరకాయలు చెరిసగం పంచుకున్నాక కనకం ఉన్నట్టుండి దిగాలు పడింది.

"నీ గృహప్రవేశానికి మళ్ళీ వెండే పెట్టాల కదా వదినా. ఈ రేటుకి నాను ఎక్కడ్నించి తెస్తాను?"

"స్టీలు బకెట్టు పెట్టు," అంది సౌభాగ్య. "పేరు మాత్రం పెద్దగా కొట్టించు. వీధిలోంచి కనిపించాల."