ఎవరూ అరవలేదు

ఆ కంపెనీ సర్వర్ల గదిలో పనిచేసేవాణ్ణి అందరూ చీపురాయన అనేవాళ్లు. సర్వర్లలో పేరుకుపోయిన పాత సాఫ్ట్‌వేర్‌ని ఊడ్చి పారేయడమే ఆయన పని మరి. మూలనున్న ముసలి సర్వరైతే మహా ఘనమైంది. దాని ఫ్యాను రొదకి మేడమీది పావురాలు కాపురం ఎత్తేశాయని చెప్పుకునేవాళ్లు. నమ్మేవాళ్లు నమ్మారు.

పారేసే ముందు ఆయనకో పద్ధతుంది. ప్రోగ్రామును ముందు ఆపుతాడు. "నా పని ఆగిపోయిందిరోయ్" అని ఎవరైనా అరుచుకుంటూ వస్తే మళ్లీ నడిపిస్తాడు. ఎవరూ అరవకపోతే చెరిపేస్తాడు.

ఆ పొద్దున ముసలి సర్వర్లో దిక్కూమొక్కూ లేని ప్రోగ్రాం ఒకటి దొరికింది. ఎవరు రాశారో, దేనికి రాశారో చెప్పేవాడు లేడు. ఆపాడు. మధ్యాహ్నమైనా ఒక్కరూ కిక్కురుమనలేదు.

"ఇంకా చూస్తావేమయ్యా? ముహూర్తం పెట్టించమంటావా? చెరిపెయ్" అన్నాడు మేనేజరు.

మీట మీద వేలు పెట్టాడో లేదో, భార్య ఫోను.

"ఏమండీ, తమ్ముడు అన్నానికి రాలేదు. ఫోనూ ఎత్తట్లేదు."

ఆ బావమరిది ఈ కంపెనీ కోల్డ్ స్టోరేజీలోనే సరుకు సర్దుతాడు. తిండి దగ్గర ఆలస్యం చేసే ఘటం కాదు. నవ్వబోయిన చీపురాయనకి వాడెప్పుడో అన్న మాట తట్టింది: "మా తలుపు గడియ మొండిది బావా. లోపలుండగా బిగుసుకుంటే అంతే సంగతులు. భయంలేదులే, ఎర్ర బటన్ నొక్కితే కాపలాయన దగ్గర గంట మోగుతుంది."

ఆ గంటని మోగించేది ఏది? పొద్దున తనాపిన ప్రోగ్రామేనా?

ప్రోగ్రామును మళ్లీ నడిపించాడు. మోగకుండా ఉంటే బాగుండు అనుకున్నాడు. కింద గేటు దగ్గర గంట గొల్లుమంది. ఆగలేదు.

మెట్లమీద దొర్లాడో, పరిగెత్తాడో ఆయనకే తెలీదు. కాపలాయన ఇనప కడ్డీతో గడియ పగలగొట్టాడు. బావమరిది తలుపుకి జారగిలబడి ఉన్నాడు, పెదాలు నల్లబడి, బొటనవేలు ఇంకా బటన్ మీదే పెట్టుకుని.

"ఎంతసేపట్నుంచి అరుస్తున్నాను బావా... ఒక్కడికీ వినబడలేదా?"

"గంటెందుకు మోగలేదయ్యా?" మేనేజరు రొప్పుతూ వచ్చాడు.

"నన్నడుగుతారేంటి సార్? మోగుంటే నేనొచ్చేవాణ్ణి కానా?" అన్నాడు కాపలాయన.

బావమరిది, మంచుగడ్డలాంటి చేత్తో చీపురాయన చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు కనిపెట్టబట్టి బతికాను బావా."

జేబులో ఫోను మోగింది.

"దొరికాడా అండీ?"

"దొరికాడు."

"హమ్మయ్య! ఏమైందట?"

చీపురాయన నోరు తెరిచాడు. "ఏమండీ, వినబడుతోందా?" అని అవతల ఆవిడ అరుస్తూనే ఉంది.