కొత్త అల్లుడి మీద గోలు

మా అన్నయ్య పేరు మార్కు. ఫుట్‌బాల్ ఆడడు. ఫుట్‌బాల్ జట్టుకి మేనేజరుగా ఉంటాడు. రేపల్లె జట్టు మైదానంలోకి దిగుతుంటే కెప్టెన్ కంటే ముందు తనే దిగుతాడు, తెల్ల బూట్లు వేసుకుని, మెడలో విజిల్ వేలాడేసుకుని. ఆ విజిల్ ఊదే హక్కు అతనికి లేదు. ఒకసారి రిఫరీ లాక్కున్నాడు కూడా. మర్నాడే ఇంకోటి కొనుక్కున్నాడు.

అలాంటి మనిషి చేతికి 1994 ఫిబ్రవరిలో ఒక విదేశీ ఆటగాడు దొరికాడు. అదంతా బసవేశ్వరరావుగారి చలవ. ఆ రోజుల్లో రేపల్లె నుంచి సముద్రం దాకా వరి చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. చెరువుల మీద వచ్చిన డబ్బంతా ఏం చేసుకోవాలో తోచక బసవేశ్వరరావుగారు ఒక జీపు కొన్నారు, మేడ మీద ఒక డిష్ యాంటెన్నా పెట్టించారు, చివరికి ఊళ్ళో ఫుట్‌బాల్ జట్టుని పోషించడం మొదలుపెట్టారు. కలకత్తాలో ఆయన రొయ్యలు కొనే సేటుకి అక్కడి క్లబ్బులో పలుకుబడి ఉంది. తెనాలి టోర్నమెంటు ఫైనల్లో ఒక్క ఆట ఆడిపొమ్మని, క్లబ్బులో ఉన్న జార్జియా దేశస్థుడు తమాజ్ బెరూలావాని ఆ సేటు రైలెక్కించాడు. వీళ్ళు ఐసు పెట్టెల్లో రొయ్యల్ని ఎలా పంపేవాళ్ళో, వాళ్ళు మనిషిని అలాగే పంపారు.

ఫైనల్లో రేపల్లెకి ఎదురు జట్టు బాపట్ల. బాపట్ల గోల్‌కీపర్ ఎజ్రా మాస్టారు. ఎజ్రా మాస్టారు మా ఆయన.

మా పెళ్ళయి అప్పటికి నెల కూడా కాలేదు. 'మా ఆయన' అనడం నాకు ఎంత కొత్తగా ఉండేదంటే, కూరగాయలమ్మే ఆవిడతో కూడా అవసరం లేకుండా అనేదాన్ని. "మా ఆయనకి బెండకాయ ఇష్టమండి" అనేదాన్ని. ఆవిడ నవ్వి రెండు కాయలు ఎక్కువ వేసేది. బాపట్లలో మాది ఒకటిన్నర గది ఇల్లు. సాయంత్రమయ్యేసరికి సముద్రం గాలి వచ్చి కిటికీ రెక్కని టపటపా కొట్టేది. ఆయన మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. స్కూలు నుంచి వచ్చాక చేతి తొడుగుల్ని తనే ఉతుక్కుని దండెం మీద ఆరేసుకునేవారు. నా చీర పక్కన ఆ తొడుగులు ఊగుతుంటే నాకెందుకో చెప్పలేనంత సంతోషంగా ఉండేది.

తమాజ్ వస్తున్నాడని తెలిసిన రోజు ఆయన ఇడ్లీ తినడం మానేశారు. చిన్నప్పుడు మాస్కో నుంచి వచ్చే నున్నటి కాగితం తెలుగు పత్రికలో జార్జియా ఆటగాళ్ళ బొమ్మలు చూసేవారట. పుస్తకాలకి అట్టలు వేసుకోవడానికి అందరూ ఆ కాగితాలు చింపుకుంటే, ఈయన బొమ్మలు కత్తిరించి దాచుకున్నారు.

"సలోమీ, నా మీద ఇన్నేళ్ళూ బంతులు కొట్టిందెవరో తెలుసా? గుమాస్తాలూ, కాలేజీ కుర్రాళ్ళూ. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అసలైన ఆటగాడు పూర్తి బలంతో కొట్టిన బంతి నా మీదికి రావాలి. ఆగుతుందా లేదా అన్నది తర్వాత సంగతి. అదెలా ఉంటుందో తెలియాలి నాకు."

భర్త కోరిన మొదటి కోరిక అది. నగ కాదు, బండి కాదు, ఒక బంతి. నేను ముచ్చటపడిపోయాను.

ఆటకి ముందురోజు మా అమ్మ జ్ఞానమ్మ రేపల్లెలో తమాజ్‌కి భోజనం పెట్టింది. ఎదురు జట్టు మనిషి కాబట్టి మా ఆయన రాలేదు. నన్ను మాత్రం పిలిపించారు. కారణం, బి.ఏ. చదివినదాన్ని, ఇంగ్లీషు వచ్చు. మా అన్నయ్య ఇంగ్లీషు 'ఎస్ సార్' దగ్గర మొదలై 'వెరీ గుడ్ సార్' దగ్గర అయిపోతుంది.

తమాజ్‌కి ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. నుదుటి మీద జుట్టు పలచబడింది. మోకాలికి పట్టీ ఉంది. రొయ్యల వేపుడు కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నాడు. తర్వాత మజ్జిగ గ్లాసు పట్టుకుని లేచి నిలబడి, తన భాషలో గంభీరంగా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ దేశంలో విందులో అలా లేచి ఇంటివాళ్ళనీ, తల్లినీ, పోయినవాళ్ళనీ తలుచుకుంటారని తర్వాత నాతో చెప్పాడు. మా అమ్మ మాత్రం అది ప్రార్థన అనుకుంది. గబగబా చెంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. అతను ముగించగానే ఇంటిల్లిపాదీ "ఆమెన్" అన్నారు. అతను బిత్తరపోయి మజ్జిగ గడగడా తాగేశాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"ఇదిగో సలోమీ, ఆ దొరకి నా మాటగా చెప్పు. అల్లుడుగారి మీద ఒక్క గోలు కూడా పడకూడదు" అంది అమ్మ.

"ఏంటమ్మా?"

"ఏంటంటావేంటే? పెళ్ళయి నెల తిరక్కుండా నలుగురిలో కొత్త అల్లుణ్ణి ఓడిస్తే, ఆదివారం గుళ్ళో నేను తలెత్తుకోగలనా?"

మా ఇంటి మర్యాద అలాంటిది. ఏడాది తిరిగేదాకా కొత్త అల్లుడు దేంట్లోనూ ఓడిపోకూడదు. పెళ్ళయిన వారంలో మా ఆయన మా ఇంట్లో క్యారమ్స్ ఆడితే, మా బాబాయిలు వరసబెట్టి ఓడిపోయారు. ఒకాయన ఎర్ర కాయ జేబుకి ఆనుకుని ఉన్నా వదిలేసి, "అబ్బా, ఏం ఆట బాబూ మీది!" అని చప్పట్లు కొట్టాడు. మా ఆయన తల వంచుకుని ఆడారు. అది సిగ్గు అనుకున్నారు వాళ్ళు. ఇక్కడ మర్యాద అంటే ఎదుటివాడి మొహంలోకి చూడకుండా చేసేది.

"మరి మీరెలా గెలుస్తారన్నయ్యా?" అన్నాను.

"డ్రా చేసేస్తాం. రెండు జట్లకీ కలిపి కప్పు. ఆర్నెల్లు మా దగ్గర, ఆర్నెల్లు బావగారి దగ్గర. మా వాళ్ళందరికీ చెప్పేశా" అన్నాడు అన్నయ్య, దేశాల మధ్య సంధి కుదిర్చినవాడిలా.

"డ్రా చేసుకునేదానికి కలకత్తా నుంచి మనిషెందుకు?"

"బసవేశ్వరరావుగారి సరదా. ఆయనకి ఈ సంగతి తెలియదులే. నువ్వు దొరకి చెప్పు."

చెప్పాను. తమాజ్ చెంచా కింద పెట్టాడు.

"గోల్‌కీపర్ ఎవరు?"

"నా భర్త."

చప్పుడు లేకుండా నవ్వాడు. తర్వాత ముక్కలు ముక్కలుగా ఉన్న ఇంగ్లీషులో తన బతుకంతా చెప్పాడు.

"మా ఊరు కుతైసి. పదిహేడేళ్ళకే పెద్ద జట్టులోకి వచ్చాను. తర్వాత రాజధానికి, తిబిలిసికి వెళ్ళాను. పెద్ద ఆట. ఆటకి ముందు ఒక మనిషి వచ్చాడు, మంచి కోటు వేసుకుని. ఇవాళ మాస్కో వాళ్ళు ఓడకూడదు అన్నాడు. బంతి పైకి కొట్టాను. దేశం విడిపోయింది, మంచి కోట్లు పోయాయి. సంతోషించాను. యుద్ధం వచ్చింది. స్టేడియంలో దీపాల్లేవు, జీతానికి బదులు పిండి బస్తా. స్వీడన్ వెళ్ళాను. చిన్న ఊరు, మంచు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు, కానీ నన్ను ఉంచుకోనూ లేదు. సైప్రస్ వెళ్ళాను. క్లబ్బు యజమానికి హోటలుంది. ఆయన కూడా అడిగాడు, పెనాల్టీ బయటికి కొట్టమని. కొట్టాను." మా అమ్మ వైపు చూశాడు. "ఇప్పుడు అత్తగారు."

"ఏంటే అంతసేపు చెప్తున్నాడు? ఒప్పుకున్నాడా?" అన్నాడు అన్నయ్య.

"సరేనని చెప్పు" అన్నాడు తమాజ్. "బయటికి కొట్టడం నాకు బాగా వచ్చు. ఏ కాలితో కావాలో అడుగు."

అమ్మ పొంగిపోయి అతని పళ్ళెంలో ఇంకో గరిటె రొయ్యలు వేసింది. మంచి కోటువాడు, హోటలువాడు, మా అమ్మ. ముగ్గుర్నీ ఒక బల్ల మీద కూర్చోబెడితే మాట కలవడానికి నిమిషం పట్టదు. ఆ ఇద్దరూ కనీసం ప్రేమ కొద్దీ చేస్తున్నామని చెప్పుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం తెనాలి స్టేషన్లో మా ఆయన బాపట్ల నుంచి బండి దిగగానే పక్కకి పిలిచి మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వబోయారు, కుదరలేదు.

"పోనీలే సలోమీ. పెద్దావిడ."

అంతే అన్నారు. ప్రతి చిన్నదానికీ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి, గ్రౌండు దాకా రిక్షాలో రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు. తొడుగుల సంచిని ఎవరిదో అన్నట్టు కాళ్ళ దగ్గర పడేశారు. పెళ్ళయ్యాక ఆయన మొహం అలా ఉండగా చూడటం అదే మొదటిసారి. నాకు ఒళ్ళు మండిపోయింది.

గ్రౌండులో సన్మానం. టోర్నమెంటు కమిటీ అధ్యక్షుడు వెంకటరత్నంగారు రిటైరైన హెడ్‌మాస్టరు, పాత కామ్రేడ్. ఎర్ర తోరణాలు కట్టించారు. తమాజ్‌కి ఎర్ర శాలువా కప్పి, "సోవియట్ సోదరుడికి తెనాలి శ్రామికుల స్వాగతం!" అని మైకులో ఎలుగెత్తారు. శ్రామికులు అప్పుడు మరమరాలు తింటున్నారు.

"ఏమంటున్నాడు?" అన్నాడు తమాజ్.

చెప్పాను.

"ఆ దేశం ఇప్పుడు లేదని ఈయనకి ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు. ఈయన ఒప్పుకోలేదు."

వెంకటరత్నంగారి ప్రసంగం ఎంతకీ తెమల్లేదు. రిఫరీ వాచీ చూపిస్తే, చరిత్ర తొందరపడదని కసిరారు.

ఆట మొదలైంది. తమాజ్ కాలికి బంతి తగిలితే చాలు, తేడా తెలిసిపోయేది. మిగతావాళ్ళు బంతి వెంట పడుతున్నారు, బంతి ఇతని మాట వింటోంది. ఇద్దర్ని తప్పించుకుని గోలు ముందుకొచ్చాడు. మా ఆయన చేతులు చాచి వంగారు. బంతి గోల్‌పోస్టు మీదుగా వెళ్ళి మిరపకాయ బజ్జీల బండి మీద పడింది.

"అన్నా, గోలు కింద ఉంది!" అని జనంలోంచి ఎవరో అరిచారు.

మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పైకి.

"కాకుల్ని కొడుతున్నాడ్రోయ్!"

"రష్యాలో గోలుపోస్టులు అంతెత్తుంటాయేమోరా!"

లేడీస్ కుర్చీల్లో అమ్మ తృప్తిగా విసనకర్ర ఊపుకుంటోంది. "ఎంత చక్కగా కొడుతున్నాడో చూడు పాపం, మాట మీద నిలబడే మనిషి" అంది. మైదానం అంచు గీత పక్కన అన్నయ్య చప్పట్లు కొడుతున్నాడు. తన జట్టు గోలు తప్పిపోతే చప్పట్లు కొట్టిన మేనేజరు ప్రపంచంలో ఇతనొక్కడే అయ్యుంటాడు. మా ఆయన వంగడం మానేశారు. చేతులు వేలాడేసి, పోస్టుకి భుజం ఆనించి, రావలసిన బస్సు రాదని తెలిసినవాడిలా నిలబడ్డారు.

హాఫ్ టైమ్‌లో నేను లేచాను. పట్టుచీర కుచ్చెళ్ళు పట్టుకుని తిన్నగా రేపల్లె జట్టు కూర్చున్న చోటికి నడిచాను. తమాజ్ గోళీసోడా తాగుతున్నాడు. పక్కనే అన్నయ్య.

"ఏంటే, అమ్మ ఏమైనా చెప్పమందా?" అన్నాడు.

"ఆఁ, ఆయనకే" అని, ఇంగ్లీషులో తమాజ్‌తో అన్నాను: "మీరు నా భర్తని అవమానిస్తున్నారు."

"అత్తగారు చెప్పింది చేస్తున్నాను."

"ఆయన మీ దేశం ఆటగాళ్ళ బొమ్మలు దాచుకున్న మనిషి. మీరు ఒక్క బంతి నిజంగా కొడితే చాలునని ఎదురుచూశారు. మీరు బజ్జీల బండిని కొడుతున్నారు. ఇంట్లోనూ బయటికే కొట్టి, పరాయి దేశంలోనూ బయటికే కొట్టి, ఇంకెక్కడ కొడతారు లోపలికి?"

అన్నయ్య ఏమీ అర్థం కాక మా ఇద్దర్నీ చూసి చిరునవ్వు నవ్వుతూ, "వెరీ గుడ్ సార్" అన్నాడు.

తమాజ్ నోటి దగ్గర్నుంచి సోడా దించాడు. "గోలు పడితే మీ ఇంట్లో గొడవ కదా?"

"పడనివ్వండి."

"ఏది? గోలా, గొడవా?"

"రెండూ."

సోడా సీసా అన్నయ్య చేతిలో పెట్టి లేచాడు.

రెండో సగంలో చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత బాపట్ల గోలుకి కాస్త దూరంలో రేపల్లెకి ఫ్రీకిక్ వచ్చింది. తమాజ్ బంతిని పెట్టాడు, తీశాడు, గడ్డి సరిచేసి మళ్ళీ పెట్టాడు. మొదటి సగంలో ఒక్కసారీ అలా పెట్టలేదు. అప్పుడు తలెత్తి మా ఆయన వైపు వేలు చూపించి, రెండు చేతులతో తొడుగులు బిగించుకోమన్నట్టు సైగ చేశాడు.

మా ఆయన పోస్టు వదిలి నిటారుగా నిలబడ్డారు. తొడుగులు బిగించారు.

బంతి, అడ్డంగా గోడలా నిలబడ్డ బాపట్లవాళ్ళ తలల మీదుగా బయటికే పోతున్నట్టు పోయింది. జనం అప్పుడే "ఓ" అని వెక్కిరించడం మొదలుపెట్టారు. ఆ వెక్కిరింత సగంలో ఉండగానే అది మెలి తిరిగి లోపలికి దిగింది. మా ఆయన గాల్లోకి లేచారు. ఒళ్ళంతా ఒక గీతలా సాగింది. వేళ్ళు తగిలాయి. తగిలినా ఆగలేదు. వల ఉబ్బింది.

"అయ్యో, అల్లుడుగారూ!" అమ్మ కేక గ్రౌండంతా వినిపించింది.

గోలు కొట్టిన రేపల్లె ఆటగాళ్ళకి ఎగరాలో ఏడవాలో తెలియలేదు. అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం కూడా మర్చిపోయాడు. సంగతి తెలియని బసవేశ్వరరావుగారొక్కరే జీపు మీదికెక్కి గంతులేశారు. మా ఆయన మాత్రం లేవలేదు. వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. దెబ్బ తగిలిందేమోనని లేచి నిలబడ్డాను. చూస్తే, నవ్వుతున్నారు.

రేపల్లె గెలిచింది. ఆట అయ్యీ అవగానే అమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని గ్రౌండులోకి పరిగెత్తింది. "తప్పయిపోయింది బాబూ, ఆ దొర మాట తప్పాడు, మా వాడికి బుద్ధి లేదు" అంటూ అల్లుడి ముందు నిలబడింది. ఆయన "ఫర్వాలేదండీ" అంటూనే ఆవిణ్ణి దాటుకుని తిన్నగా తమాజ్ దగ్గరికెళ్ళి, తనకొచ్చిన ఇంగ్లీషులో "వన్స్ మోర్" అన్నారు.

తమాజ్ బూట్లు విప్పబోతున్నవాడల్లా ఆగి, మళ్ళీ ముడి వేసుకున్నాడు.

వేదిక మీద వెంకటరత్నంగారు కప్పు పట్టుకుని ముఖ్య అతిథి కోసం మైకులో పిలుస్తూనే ఉన్నారు. ముఖ్య అతిథి ఖాళీ గ్రౌండులో మా ఆయన మీద బంతులు కొడుతున్నాడు. ఒకటి వలలో పడింది. ఇంకోటి పడింది. ఒక్కటీ మర్యాదకి కొట్టింది కాదు. నేను వేరుశనక్కాయల పొట్లం కొనుక్కుని గీత పక్కన కూర్చున్నాను. అంత కమ్మటి వేరుశనక్కాయలు నేనెప్పుడూ తినలేదు.

అమ్మ వచ్చి నా పక్కన చతికిలబడింది. "నువ్వే చెప్పావు కదే?"

"నేనే."

"సొంత మొగుడి మీద గోలు కొట్టించుకున్నదాన్ని నిన్నే చూశాను" అంది. ఇంకా ఏదో అనబోయింది.

అప్పుడే తమాజ్ కుడి మూలకి కొట్టాడు. ఫ్రీకిక్ బంతి ఎంత వేగంగా వచ్చిందో ఇదీ అంతే. మా ఆయన దానికంటే ముందే అక్కడికి చేరుకున్నట్టు గాల్లో సాగి, రెండు చేతులా పట్టేసి, బంతిని పొట్టకి అదుముకుని దొర్లారు. తమాజ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, తన భాషలో ఒకే ఒక్క మాట గట్టిగా అన్నాడు.

అమ్మ తటాలున లేచి నిలబడింది. అల్లుడి మీద గోలు పడితే గుళ్ళో తలెత్తుకోలేనన్న మనిషి, చెంగు నడుముకి దోపుకుని గీత దాకా వెళ్ళి చెయ్యెత్తి అరిచింది:

"ఏవయ్యా దొరా! చూస్తావేంటి? ఇంకోటి కొట్టు! ఈసారి గట్టిగా కొట్టు!"