కారని బాయిలరు

ఫోర్‌మన్‌కి ఎవరి మీదా నమ్మకం లేదు. ఇంట్లో నూనె సీసా మీద పెన్సిలుతో గీత పెడతాడు. తాళం వేశాక లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి లాగుతాడు. అత్తవారిచ్చిన గోడగడియారాన్ని రోజూ రేడియోతో సరిచూస్తాడు. అది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. అతని అనుమానమంతా అక్కడే.

ఇంట్లో ఎంత చెడ్డపేరు తెచ్చిందో, షెడ్డులో ఆ గుణం అతనికి అంత మంచిపేరు తెచ్చింది. ఆ షెడ్డులో ఉన్నది ఒకే ఒక్క పాత ఆవిరి ఇంజను. ఆదివారాల్లో జనాన్ని సరదాగా తిప్పుతుంది. దాని లోపల నిప్పు మండే పెట్టె, ఆ పెట్టె చుట్టూ నీళ్ళు, నీళ్ళ చుట్టూ ఇంకో ఇనప గోడ. రెండు గోడలూ ఆవిరి ఒత్తిడికి చెరో దిక్కూ పోకుండా వందల కొద్దీ స్టే బోల్టులు పట్టుకుని ఉంటాయి. కాపురంలో పిల్లల్లాగా అని షెడ్డులో అంటుంటారు. ఒక్కో బోల్టుకీ బయటి కొసన సన్నటి బెజ్జం ఉంటుంది. లోపల బోల్టు విరిగితే అందులోంచి నీళ్ళు కారి సంగతి బయటపెట్టేస్తాయి. అందుకని వాటిని చాడీ బెజ్జాలంటారు.

ఈ ఆదివారం బండిలో మొదటి పెట్టె మొత్తం ఫోర్‌మన్ అత్తవారి తరఫు చుట్టాలదే. "మావారి ఇంజను" అని అతని భార్య నెల్లాళ్ళుగా అందరికీ ఫోన్లు చేసి పిలిచింది. నీళ్ళ ఒత్తిడి పరీక్ష చూసి ఫోర్‌మన్ సంతకం పెడితేనే బండి కదులుతుంది. పెట్టకపోతే ఆవిడ పరువు షెడ్డులోనే ఉండిపోతుంది.

బాయిలరు పనిలో అతని కింద చేసేది సొంత బావమరిదే. పోయిన వారం ఇద్దరూ కలిసి అరిగిపోయిన బోల్టులు కొన్ని మార్చారు. బావమరిది నిప్పుపెట్టెలో దూరి బోల్టుకి ఇనపదిమ్మ ఆనిస్తే, ఫోర్‌మన్ బయటినుంచి బోల్టు తల సుత్తితో అణగ్గొట్టాడు.

"గట్టిగా కొట్టు బావా. ఇదేమన్నా అక్క వంటగదా, చప్పుడవుతుందని భయపడ్డానికి."

"నీ నోరు లోపలే ఉంచుకో. దిమ్మ ఆనించావా?"

"ఆనించానన్నాగా."

"అన్నావులే. ఆనించావా?"

బోల్టులయ్యాక బావమరిది ఇంజనుకి రంగులేశాడు. శుక్రవారం బాయిలరు నిండా నీళ్ళు నింపి, పంపు కొట్టి, మీటరు ముల్లు గీత దాటేదాకా ఒత్తిడి పెంచారు. ఒక్క చుక్క కారలేదు. షెడ్డు కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. బావమరిది అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఫోర్‌మన్ కలం జేబులోంచి తీసి మళ్ళీ పెట్టేసుకున్నాడు.

"ఏంటి బావా, సంతకం పెట్టవా? బాగుందిగా."

"బాగుంది. అదే బాలేదు. ఈ బాయిలరు మా నాన్న వయసుది. ఎక్కడో ఓచోట చెమటైనా పట్టాలి కదా."

"మనం బాగా చేశామేమో."

"మనమా?" అన్నాడు ఫోర్‌మన్. ఆ మాట కూడా అతనికి కొత్తగానే వినిపించింది.

ఫోర్‌మన్ ఇంజన్లో డ్రైవరు నిలబడే గదిలోకెక్కాడు. ఎదురుగా ఉన్న బాయిలరు గోడ నున్నగా, నల్లగా, అద్దంలా మెరుస్తోంది. సన్నటి తీగ తీసి ఒక బోల్టు నడిమధ్య, బెజ్జం ఉండాల్సినచోట గుచ్చాడు. దిగలేదు. పక్కదాన్లోనూ దిగలేదు. గోటితో గీకాడు. రంగు కింద తెల్లగా ఏదో ఊడొచ్చింది. వాసన చూశాడు. కొంచెం నాలుక్కి కూడా రాసుకున్నాడు. ఆ తెలుపు అతనికి బాగా తెలుసు. మొన్న ఇంటికి సున్నాలేయించినప్పుడు మేకుల బొక్కలు పూడ్చిన లప్పం. మిగిలిన డబ్బా ఏమైపోయిందని వారంగా వెతుకుతున్నాడు.

"విరిగిన బోల్టుల్ని దాస్తున్నావా?" అన్నాడు బావమరిదితో, మెల్లగా.

"ఛఛ. ఏవి విరిగాయో నాకేం తెలుసు."

"మరి ఈ లప్పమెందుకు?"

బావమరిది చేతిగుడ్డ మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "అక్క ఓ పూట చూడ్డానికొచ్చింది. ఫొటోలన్నీ ఇక్కడే దిగుతారటగా. వెనకాల గోడంతా బెజ్జాలేంట్రా అసహ్యంగా, చుట్టాలు ఏమనుకుంటారు అంది. ఫొటోలవగానే గుచ్చి తీసేద్దామనుకున్నా."

"నువ్వు బాయిలరు పని నేర్చినవాడివేనా? అవి మూయకూడదని తెలీదా?"

"తెలుసు."

"మరి?"

"బాయిలరు పేలితే ఒక్కసారే పేలుద్ది బావా. అక్క అలా కాదుగా."

నీళ్ళు వదిలేసి, ఇద్దరూ కూర్చుని బెజ్జాలన్నీ సన్న బరమాతో శుభ్రం చేశారు. మళ్ళీ నీళ్ళు నింపి పంపు కొట్టారు. ముల్లు గీత దగ్గరికైనా రాకముందే పక్కపక్కనున్న రెండు బోల్టుల్లోంచి నీళ్ళు సన్నగా కారాయి. ఫోర్‌మన్‌కి చాలా రోజుల తర్వాత మనసు కుదుటపడింది.

సంతకం పెట్టలేదు.

ఇంటికెళ్తూ, కారిన బోల్టుల్లోంచి పీకిన ముక్కొకటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాడు. రుజువు లేకుండా తనే ఎవర్నీ నమ్మడు కాబట్టి. భార్య దాన్ని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"ఇది విరిగిందా, విరగ్గొట్టారా?"

"విరిగింది. ఆ కొసన చూడు, పాత విరుగుడు. తుప్పు కూడా పట్టింది."

"రెండో ముక్కేది?"

"గోడలో ఉన్న ముక్క బరమా పెట్టి తీయాలి. పొడైపోతుంది."

"అవునా," అంది. "మావాళ్ళు ఎక్కుదామనుకున్న వారమే విరిగిందన్నమాట."

"ముందే విరిగింది. నువ్వు లప్పం పెట్టించావు కాబట్టి తెలీలేదు."

"అంటే తప్పు నాదా?"

ఫోర్‌మన్ అన్నం తినడానికి కూర్చున్నాడు. ఆవిడ కంచం ఠప్పున పెట్టి వడ్డించింది.

ఆదివారం చుట్టాలు వచ్చేశారు. కదలని పెట్టెలో కూర్చుని తెచ్చుకున్నవి తిన్నారు. పనివాళ్ళిద్దరూ కొత్త బోల్టులు బిగిస్తున్నారు, బావమరిది నిప్పుపెట్టెలో, ఫోర్‌మన్ బయట. ఇంతలో ఇంజను పక్కన మాటలు వినిపించాయి. భార్య తన అక్కచెల్లెళ్ళని వెంటేసుకుని వచ్చింది.

"మావారు ఊఁ అంటే తప్ప కదలదు," అంటోంది. "పై ఆఫీసరొచ్చి బతిమాలినా అంతే. ప్రాణాలతో వ్యవహారం కదా. అంత నిక్కచ్చి మనిషి."

ఫోర్‌మన్ సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"ఏం బావా, కొట్టవేం?" లోపల్నుంచి అడిగాడు బావమరిది.

"మీ అక్క నన్ను మెచ్చుకుంటోంది."

లోపల దిమ్మ కింద పెట్టిన చప్పుడైంది.

"ఎందుకంటావు?" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి.