టెంటుకీ హౌసుకీ మధ్య గీత

గోదావరికి పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది.

నేను ఒక గుడారాన్ని. పుట్టింది మంచు కురిసే దేశంలో. మందపాటి కాన్వాసు గుడ్డతో కుట్టి, నడినెత్తిన జానెడు కన్నం పెట్టారు. లోపల కుంపటి వెలిగిస్తే పొగ అందులోంచి పైకి పోవాలట. ఒక పక్కన ఆ దేశపు జెండా, దాని కింద ‘మా ప్రజల కానుక’ అని వాళ్ళ భాషలో అచ్చు వేశారు. ఆ ప్రజల్లో ఒక్కరూ నన్ను చూసిన పాపాన పోలేదు.

మొదట నన్నొక యుద్ధానికి పంపారు. ఓడ రేవుకి చేరాక, గుడారాలు ముట్టాయని ఎవరు సంతకం పెట్టాలో తేలలేదు. ఆ దేశంలో అప్పటికి రెండు సర్కార్లున్నాయి మరి. వెనక్కి తెచ్చి గోదాములో పడేశారు. నాలుగేళ్ళు ఎలకలకి నీడనిచ్చాను. తర్వాత మన వరద కబురు విని ఇటు పంపారు. లంక ఊరు చేరేసరికి వరద పోయి మూడు నెలలైంది.

నన్ను కొప్పాడి గవర్రాజుకిచ్చారు. పడవ నడిపే ముసలాయన. ఇల్లు ఏట్లో కలిసిపోయింది. రోజుకి పది మాటలాడితే ఎక్కువ, అందులో ఆరు పడవతోనే. ఆ లోటు భార్య లోవమ్మ తీర్చేది. మొదటి వాన నా కన్నంలోంచి తిన్నగా ఆమె అన్నం కుండలో పడింది.

“ఇదేంటయ్యా, బొక్కెట్టి మరీ ఇచ్చారు?”

“కుంపటికంట,” అన్నాడు గవర్రాజు.

“మన ఎండలకి మనవే కుంపట్లం గదా.”

తక్కిన గుడారాలు ఊళ్ళో నెల తిరక్కుండానే వేషం మార్చాయి. సూరన్న దాన్ని కోసి తెరచాప చేసుకున్నాడు. ఇంకొకాయన గడ్డివాము మీద కప్పాడు. ఇంకో ఇంట్లో సంచులైంది. గవర్రాజు మాత్రం నన్ను కొయ్యలేదు. “ఇచ్చినోళ్ళు మళ్ళీ అడిగితే?” అనేవాడు. చిరిగిన చోటల్లా వలదారంతో కుట్టాడు. కన్నానికి తాటాకు టోపీ పెట్టాడు.

వేసవిలో అదే దేశం పక్కా ఇళ్ళు కట్టిస్తానంది. ముందుగా ఒక కాగితం పంపింది. ఎవరు దేంట్లో ఉంటున్నారో అందులో రాయాలి. ఒక గడిలో ‘టెంటు’, పక్కన ఏటవాలుగా ఒక గీత, ఆ తర్వాత ‘హౌసు’. ఉన్నది ఉంచి లేనిది కొట్టెయ్యమని. ఆఫీసు గుమస్తా కామేశం దాన్ని తెలుగులోకి ఎక్కిస్తూ గీత వదిలేశాడు.

ఊరికొచ్చి వరసగా అడిగాడు. “టెంటు హౌసు ఉందా?”

కోసుకున్నవాళ్ళు నేల చూపులు చూస్తూ “లేదండీ” అన్నారు. గవర్రాజు నావైపు చెయ్యి చూపించి “ఆయ్” అన్నాడు. ఆ రోజుకి అది ఏడో మాట.

టెంటు హౌసంటే మనవైపు ఏమిటో మీకు తెలుసు. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, గుండిగలు అద్దెకిచ్చే కొట్టు. ఇళ్ళ జాబితా చదివిన రోజున సూరన్నకి ఇల్లొచ్చింది. సంచులు కుట్టినవాళ్ళకి వచ్చింది. గవర్రాజు పేరు పక్కన మాత్రం ‘టెంటు హౌసు యజమాని, అనర్హుడు’ అని ఉంది.

“షావుకారు గారూ, మా పిల్ల పెళ్ళికి రెండొందల కుర్చీలు కావాలండి,” అన్నాడు సూరన్న.

“గుండిగలకి మూతలున్నాయాండీ?” అని వెనకనించి ఎవరో.

అందరూ నవ్వారు. లోవమ్మ నవ్వలేదు. మృగశిర కార్తె ఇంకో నాలుగు రోజులే ఉంది.

“పోయినేడు దీని కింద దగ్గి దగ్గి సగమయ్యాను. ఈ వానలకి మిగతా సగం పోద్ది. ఆ గుమస్తాకి ఒక్క మాట చెప్పయ్యా. నోరుంది గదా నీకు?”

గవర్రాజు ఆ పూటే వెళ్ళాడు. తిరిగొచ్చి, కామేశం ఏమన్నాడో ఆమెకి అప్పజెప్పాడు. అన్ని మాటలు ఒక్కసారి ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

“‘ఉందా అంటే నీ నోటితోనే ఆయ్ అన్నావు. రేపు పొద్దున్న ఇళ్ళిచ్చే దేశం దొరగారొస్తున్నారు, జాబితా ఆయన చేతికిచ్చేస్తాం. ఇంక పోవోయ్’ అన్నాడు.”

మర్నాడు తెల్లవారగానే గవర్రాజు నా తాళ్ళు విప్పాడు. మడిచి పడవలో వేసుకుని, ఏరు దాటించి, ఆఫీసు వాకిట్లో సరిగ్గా గుమ్మానికి అడ్డంగా నన్ను పాతాడు. జెండా ఉన్న పక్క రోడ్డు వైపు తిప్పాడు. తాటాకు టోపీ తీసి పక్కన పెట్టాడు.

జీపు దిగిన దొర తన జెండా చూసుకుని మురిసిపోయి కెమెరా తీశాడు. కామేశం మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చాడు.

“ఏంటోయ్ ఇది, ఆఫీసు వాకిట్లో?”

“ఇది టెంటండి,” అన్నాడు గవర్రాజు. “హౌసేదండి?”

అని, లోపలికొచ్చి చాప పరుచుకుని, కాళ్ళు ఆఫీసు గుమ్మం వైపు చాపి పడుకున్నాడు.